తొమ్మిదేండ్లుగా ఎవరూ అడగని గోళీ

ఆ రోజు పొద్దున ఏన్కూరు దాటినంక మలుపులో నా తలలో కరెంటు కొట్టినట్టయింది. ఒక్క క్షణమే. కళ్లు పక్కకు తిప్పితే మళ్లీ కొట్టింది. నేను స్కూలు బస్సు నడుపుత. వెనక సీట్లనిండ పిల్లలున్నరు. బస్సు పక్కకు ఆపి స్కూలుకు ఫోన్ చేసిన. ఇంకో డ్రైవరు వచ్చేదాక స్టీరింగు ముట్టలేదు.

అప్పటికి రెండు రోజుల సంది నిలకడ లేదు. కూసుంటే లేవబుద్ధి, లేస్తే ఎటన్న పోబుద్ధి. పక్షవాతం వస్తదేమోనని నా భార్య రూతు భయపడి సర్కారు దవాఖానాకు తీసుకపోయింది.

అక్కడి డాక్టరమ్మ బీపీ, షుగర్ చూసి, ఈసీజీ తీయించి, థైరాయిడ్‌కు రక్తం పంపింది. అన్నీ నార్మలే. గోళీలేమన్న వాడుతున్నవా అంటే గ్యాస్‌ గోళీ అన్న. రూతు ఊకోలేదు. నిద్ర గోళీ కూడ వాడుతడు, నాలుగు రోజుల సంది షాపుల దొరకలేదు అని చెప్పింది.

అది నిద్ర గోళీ కాదు, మనసు కుంగిపోతే ఇచ్చే యాంటీడిప్రెసెంట్. తొమ్మిదేండ్ల కింద నా తమ్ముడు కాలువలో మునిగి చనిపోయినంక నేను మంచం దిగలేదు, తిండి మానేసిన. ఖమ్మంలో ఒక డాక్టరు ఆ గోళీ రాసి, ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నడు. అది నన్ను నిలబెట్టింది, అబద్ధమాడను. బాగైందని నేను మళ్లీ పోలేదు. భయానికి గోళీ మానలేదు. పాత చీటీ చూపిస్తే షాపుల ఇచ్చేటోళ్లు.

డాక్టరమ్మ అడిగింది: "ఈ గోళీ ఇంకా కావాల్నా అని ఇన్నేండ్లల్ల నిన్నెవరన్న అడిగిండ్రా?"

"లేదు మేడం. నేను గూడ అడగలే."

ఒక్కసారే ఆపితే, అలవాటైన ఒంటికి మందు అందక ఇట్ల విత్‌డ్రాయల్ వస్తదని, ఇది పక్షవాతం కాదని చెప్పి గోళీ మళ్లీ మొదలుపెట్టింది. తల కుదురయ్యేదాక బస్సెక్కొద్దన్నది. రెండు వారాలకు ఇద్దరినీ పిలిచి నిద్ర, ఆకలి, బతుకు మీద ఆశ, ఆలుమగల సంగతి, అన్నీ అడిగింది. ఆఖరుదానికి నేను నేల చూసుకుంట జవాబు చెప్పిన. ఆ కోరిక తగ్గుడు కూడ గోళీ వల్ల కావచ్చన్నది. ఖమ్మం సైకియాట్రిస్ట్‌తో మాట్లాడి, డోస్ మెల్లగ తగ్గిద్దామన్నది.

మొదటిసారి తగ్గిస్తే ఏం కాలేదు. రెండోసారి కాలు ఒక్కచోట నిలవలేదు. మా మిరప చేను చుట్టూ ఊకెనే తిరిగేటోన్ని. గ్లాసు కింద పడేసిందని బిడ్డ మీద అరిచిన. ఒక ఆదివారం చర్చిలో పాట నడుస్తుంటే తమ్ముడు యాదికొచ్చి వెక్కివెక్కి ఏడ్చిన. రోగం తిరగబెట్టిందని రూతు నన్ను మళ్లీ తీసుకపోయింది.

తమ్ముడు పోయినప్పుడు గూడ గిట్లనే ఉండెనా అని డాక్టరమ్మ అడిగింది.

"లేదు మేడం. అప్పుడు ఏడుపే రాలే."

అయితే ఇది పాత రోగం కాకపోవచ్చు, గోళీ తొందరగ తగ్గించినందుకే అయ్యుంటదని ఆమె చెప్పింది. తర్వాత, "ముందటి డోస్‌కు పోదాం. ఓడిపోయినట్టు కాదు. ఈసారి ఇంకా మెల్లగ దిగుదాం" అన్నది.

ఏడాదిన్నర అయింది. ఇప్పుడు అన్నిట్ల చిన్న డోస్ మీదున్న. బస్సు నడుపుతున్న. కొన్ని సాయంత్రాలు ఇప్పటికీ మనసు ఆగదు, లేచి నడుస్త. పూర్తిగ మానుతనో లేదో తెల్వదు. మళ్లీ అవసరమైతే సిగ్గుపడకుండ వేసుకుంట.

మీరు ఏండ్ల తరబడి ఇసొంటి గోళీ వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. డాక్టరు దగ్గరికి పోయి ఇది ఇంకెన్నాళ్లు అని అడగండి. పోయేటప్పుడు ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకపోండి. మనం దాచేది వాళ్లు చెప్తరు.