కత్తెరమ్మకు తేలిన నల్లగడ్డ

వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అనేవారు. బట్టలు కుట్టేది గనుక కొంత, నోటిదురుసు వల్ల కొంత. భర్త పోయాక మరిది ఇంట్లోనే ఉండేది. తోడికోడలికీ ఆమెకూ ఉప్పూ నిప్పూ. స్నానాలగది మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

నెత్తురు అక్కడే బయటపడింది.

"ఈ వయసులో ఇదేం నెత్తురక్కా? కడిగి చావొచ్చుగా," అంది తోడికోడలు.

"నా నెత్తురు నేను కడుక్కుంటాలే. నీ నోరు నువ్వు కడుక్కో."

వీధి చివరి డాక్టరు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని మాత్రలు రాశాడు. తగ్గలేదంటే ఇంకా ఘాటైనవి రాశాడు. సిగ్గు చంపుకుని "ఒకసారి చూడండి బాబూ" అంటే, "చూసేదేముందమ్మా, నీళ్లు బాగా తాగు" అన్నాడు. వేసవంతా అలాగే గడిచింది. చివరికి మూత్రం చుక్కలు చుక్కలుగా పడసాగింది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ దీపం దగ్గరకు లాక్కుని చూసింది. మూత్రద్వారంలో చింతగింజంత నల్లటి గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపింది.

"ఇది మెలనోమా. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. ఇక్కడ రావడం చాలా అరుదు. మూత్రనాళం తీసేసి, మూత్రం పోవడానికి పొట్టమీద గొట్టం పెట్టాలి."

"ఎండ తగలని చోట ఇదెలా వచ్చిందమ్మా?"

"దీనికి ఎండతో పనిలేదు. మీరే ఇంకాస్త ముందు రావాల్సింది."

మరిది ఊళ్లో లేడు. ఆపరేషన్‌కు తోడికోడలే సంతకం పెట్టింది.

"ప్రేమతో కాదు. రేపు నలుగురూ నన్ను ఆడిపోసుకుంటారని."

"నీ ప్రేమ ఎవడిక్కావాలే."

గజ్జల్లో ఒక గ్రంథికి కూడా పాకిందని అదీ తీశారు. ఒంట్లోని కాపలా కణాలను క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే మందు ఎక్కిస్తామన్నారు.

"ఉసిగొల్పడానికి మందెందుకు? మా ఇంట్లోనే మనిషుంది," అంది కత్తెరమ్మ.

లేచి తిరగ్గలిగిన రోజునే వీధి చివరి డాక్టరు గదిలోకి, రోగులందరి ముందే దూసుకెళ్లింది.

"చూడకుండా మందు రాసే చెయ్యి పడిపోనూ."

"బయటికి నడువు," అన్నాడు డాక్టరు, తల ఎత్తకుండా.

రెండేళ్లు కుట్టుపని చేసుకుంది. తర్వాత జబ్బు ఊపిరితిత్తుల్లో తేలింది, ఈసారి మందుకు లొంగలేదు. ఆఖరి వారం తోడికోడలు ఒళ్లు తుడుస్తుంటే చెయ్యి విసిరికొట్టింది.

"నీళ్లు చల్లగా ఉన్నాయే, చంపుతావా?"

"నేను చంపేదాకా ఆగుతావా నువ్వు?" అంటూనే వేడినీళ్లు కాచుకొచ్చింది తోడికోడలు.

కత్తెరమ్మ పోయినప్పుడు తోడికోడలు ఏడ్చిందని పక్కింటావిడ ఎవరితోనో అన్నది. ఆ మాట చెవిన పడగానే తోడికోడలు వెళ్లి, ఆవిడ వాకిట్లోనే తగువుకు దిగింది.