కొండకు పోయే మొదటి బండి

కిరందుల్ గనుల నుంచి విశాఖకి రోజూ ఇనప రాయి వెళుతుంది. వెళ్లనిదల్లా రామతులసి ఒక్కతే.

కొండ మీద తవ్విన రాయిలో ఇనుము ఎంతుందో తేల్చే ఒక ప్రైవేటు ల్యాబులో ఆమెది కంప్యూటర్ పని. మొగుడు అప్పలకొండ, ఏడో తరగతి కూతురు విశాఖలో ఉంటారు. అక్కడి బ్రాంచికి బదిలీ చేయమని ఆరేళ్లుగా అడుగుతోంది. మేనేజరు చక్రధరరావు గారు ఆరేళ్లుగా "చూద్దాం తల్లీ" అంటున్నారు. ఆయన చూపు ఎంత దూరం ఆనుతుందో ఆ దేవుడికే తెలియాలి.

చివరికి ఒక మాటిచ్చారు. రాయి లెక్కలు కట్టే స్క్రిప్టులన్నీ ఆమె రాసినవే. అవి నడిచే సాఫ్ట్‌వేర్ లైసెన్సు మార్చితో అయిపోతుంది. వాటన్నిటినీ సి భాషలోకి తిరగరాయాలి. పాత లెక్కా కొత్త లెక్కా ఒక్కటే వచ్చిన రోజు బదిలీ కాగితం మీద సంతకం.

నాలుగు నెలలు కూర్చుంది. పాత భాషలో ఒక్క లైనుతో తెమిలే పనికి సి లో పది లైన్లు. తీరా నడిపి చూస్తే ఇనుము పాత లెక్కలో 64.82 శాతం, కొత్త లెక్కలో 64.91. పదకొండు రోజులు వెతికింది. తిండి సయించలేదు. ఈ లంక నుంచి తనకిక విడుదల లేదని ఏడ్చింది కూడా.

పన్నెండో రోజు హిడ్మే వచ్చింది. సుక్మా వైపు మనిషి, నలభై దాటింది. రాయి మోసే ప్రతి డంపర్ బండి నుంచీ కొంచెం తీసి, సంచికి చీటీ కట్టి, ల్యాబుకి తేవడం ఆమె పని. బల్ల మీద కొత్త లెక్క ప్రింటు కాగితంలో బండ్ల నంబర్లు చూసి ఆగింది.

"తులసమ్మా, ఏందిది? నా రెండో బండి ఏమాయె?"

"మొదటి బండి లెక్కలోకి రాదు కదా, హిడ్మక్కా."

"మొదటిది కొండది. నాకెరుకనే. రెండోది మనదే గదా, అదేది?"

షిఫ్టులో మొదటి డంపర్ తొట్టికి పాత తడి మట్టి అంటుకుని ఉంటుంది. అందుకని దాన్ని పక్కన పోసి, 'ఇది కొండది' అనేసి, రెండో బండి నుంచి లెక్కపెడతారు. ఏ రూలు పుస్తకంలోనూ లేదిది. రామతులసి కూడా స్క్రిప్టులో 'రెండు నుంచి' అని రాసి ఊరుకుంది.

పాత భాష ఒకటి నుంచి లెక్కపెడుతుంది, సి సున్నా నుంచి. సి లో రెండు అంటే మూడో బండి. తెలియక కాదు. మిగతా చోట్లన్నీ ఒకటి తగ్గించుకుంటూనే వచ్చింది. కానీ కొండ మీద 'రెండో బండి, రెండో బండి' అని ఇన్నేళ్లుగా అని అని, అది ఆమెకి అంకెలా కాక పేరులా అయిపోయింది. చెయ్యి దాని జోలికి పోలేదు.

రెండుని ఒకటి చేసింది. 64.82. హిడ్మేని గట్టిగా వాటేసుకుంది. కొండ పద్ధతులన్నీ ప్రోగ్రాం పక్కనే, ఇక్కడ ఎవరొచ్చినా చదువుకునేలా హిందీలో వివరంగా రాసిపెట్టి, మర్నాడు మేనేజరు దగ్గరికి పరిగెత్తింది.

"తప్పు పట్టింది హిడ్మక్క సార్, నేను కాదు. ఇక ఎవరైనా చూసుకోగలరు."

చక్రధరరావు గారు ముచ్చటపడ్డారు. "హిడ్మే కాంట్రాక్టు మనిషి, రిపోర్టు మీద ఆమె సంతకం చెల్లదమ్మా. సి వచ్చినవాడికి ఈ కొండ సంగతులు తెలియవు. రెండూ తెలిసింది నువ్వే. కొత్త ప్రోగ్రాం కదా, ఒక్క ఏడాది నడిపించి వెళ్లు."

"ఆరేళ్లయింది సార్."

"అది పాతదానికి తల్లీ. దీనికి ఇవాళే కదా మొదలు."

రామతులసి "సరే సార్" అంది. అలా అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బయటికి రాగానే ఫోను మోగింది. కూతురు.

"అమ్మా, లెక్క సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా."

అవతల కేక. "నాన్నా! లెక్క సరిపోయిందంట! అమ్మ వచ్చేస్తోంది!"