అత్త వేలిముద్ర

మొన్న రేషన్ బండి దగ్గర మిషను నా వేలిముద్ర పట్టలేదు. వేలు చొక్కాకు తుడిచి మళ్లీ పెడితే పట్టింది. ఈలోగా ఉదయగిరిలో ఉండిన మా మేనత్త గుర్తొచ్చి, బియ్యం సంచి అక్కడే మరచి ఇంటికొచ్చేశాను.

అత్తకు పిల్లల్లేరు, మామ ఎప్పుడో పోయాడు. చెక్క గరిటెలు చెక్కేవాళ్ల దగ్గర వాటిని గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయడం ఆమె పని. ముప్పై ఏళ్లు రుద్దేసరికి గరిటెలతో పాటు ఆమె వేళ్లూ నున్నగా అయిపోయాయి. నోరు మాత్రం అట్లాగే గరుగ్గా ఉండేది. ఆత్మకూరు నుంచి నేను వెళ్తే, "ఏందిరా, దారి తప్పినావా?" అనేది గడపలోనే. వానల్లేని ఓ ఏడాది అట్లాగే వెళ్లాను. అన్నం, చింతకాయ పచ్చడి పెట్టింది. తాను ఎప్పుడో తినేశానంది. తిండి దగ్గర నాకు అప్పుడూ ఇప్పుడూ సిగ్గులేదు. మూడుసార్లు వడ్డించుకున్నాను. చివరికి ఆమె గిన్నె గీకి పెట్టింది.

బస్టాండుకు పోతుంటే పక్కింటామె వెంటపడి వచ్చింది. "మీ అత్తకు మూడు నెలల్నించి రేషన్ బియ్యం లేవయ్యా. మిషన్లో వేలు పడటంలా. మేం పెడితే తినదు. నీకు వండింది కూడా నా కాడ చేబదులు తెచ్చుకున్న బియ్యమే. నిన్నట్నించి ఆమె ఏం తినలా."

వెనక్కి పోయి కేకలేశాను, ఎవరికైనా చెప్పొచ్చు కదా అని. గీకిన గిన్నె కడుగుతూ అంది.

"మా చిన్నప్పుడు కరువొస్తే భూములున్నోళ్లూ కూలోళ్లూ అందరం గంజికి వరసలో నిలబడినాం. అందరికీ ఆకలైతే సిగ్గుండదు అబ్బయా. నా ఒక్కదానికే అయితే ఎట్టా చెప్పేది?"

కరువంటే వాన పడకపోవడమనే అనుకునేవాణ్ని. చౌకదుకాణంలో మూటలకు మూటలు బియ్యం ఉండగానే, నాలుగిళ్ల అవతల కరువు కూర్చుని ఉందని ఆ రోజు తెలిసింది. మర్నాడు ఆమెను మండలాఫీసుకు తీసుకుపోయాను. వేలు పడనివాళ్లకు అధికారి సంతకంతో బియ్యం ఇచ్చే వీలుందట, ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేవాణ్ని. తిన్నావా అంటే అబద్ధం చెబుతుందని, "ఏం కూర అత్తా?" అని అడిగేవాణ్ని. తిట్టి, కూర పేరు చెప్పేది.

అత్త పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు నేనూ ఒంటరినే. ఏం కూర అని నన్ను అడిగేవాళ్లు లేరు. అయినా నన్ను తినేసేది అది కాదు. ఆఫీసులో ఆ సంతకానికి పట్టింది రెండు నిమిషాలు. ఆమె పస్తులున్న మూడు నెలలూ నేను ఒక్క బస్సు దూరంలో, మూడు పూటలా తింటూ, తీరిక లేదనుకుంటూ గడిపాను.