ఎదురింటి అవ్వ, ఎదురొచ్చే పిల్లి

మా ఎదురింటి అవ్వ పోయిన వారం కన్నుమూసింది. ఫోన్ వచ్చినప్పుడు నేను మేడ్చల్ మార్కెట్లో చిక్కుడుకాయలు ఏరుకుంటున్నాను. "అత్తమ్మ పోయిందక్కా. పొద్దుగాల చాయ్ తాగి గేటుకాడ కుర్చీల కూసుంది, గంతే" అని ఆవిడ కోడలు ఒకటే ఏడుపు. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారు. నవాబుకు ఈ సంగతి ఎవరు చెప్తారు?

నవాబు అంటే పిల్లి. ఒళ్లంతా నలుపు, మూతి మీద మాత్రం పాలు తాగి తుడుచుకోనట్టు తెల్లమచ్చ. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో మా కాలనీ కొత్తగా లేస్తున్నప్పుడు ఎక్కడినుంచో వచ్చి అవ్వ గేటు దగ్గర స్థిరపడింది. అందరూ ఆఫీసులకు బయల్దేరే వేళకే దానికి రోడ్డు దాటాల్సిన పని పడేది. మా వీధిలో సగం మంది ఉద్యోగాల కోసం గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చినవాళ్లం. పిల్లి ఎదురొచ్చిందంటే బండి వెనక్కి తిప్పి, ఇంట్లో కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాల్సిందే. అవ్వ కుర్చీలోంచి ఇదంతా చూసి మురిసిపోయేది. "జర ఆగున్రి. ఏం మునిగిపోతది?" అనేది. ఎవరికైనా, దేనికైనా ఆవిడ మాట అదే. ఒకసారి మా ఆయన రైలు తప్పిపోతోందని పరుగెడుతున్నా అదే మాట అంది.

శకునాల విషయంలో మా పక్కింటి బాబాయిగారిది మొదటి వరుస. ఆయన ఆవిడను "అవ్వగారూ" అని పిలిచేవారు. "అవ్వకు గారేంది సారూ? గారు వద్దు, గారెలు పెట్టు" అని ఆవిడ ఆటపట్టించేది.

పోయినేడు ఒక ఆదివారం, పార్సిళ్లు తెచ్చే బైకొకటి నవాబును గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. వెనక కాలు విరిగింది. పాత చీరలో చుట్టి, అవ్వ ఒడిలో పెట్టుకుని, ఆటోలో పేట్ బషీరాబాద్‌లోని జంతువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆపరేషన్ చేసి రాడ్ వేస్తే నడుస్తుంది, ఆలస్యం చేస్తే కాలు తీసేయాల్సి వస్తుంది అన్నాడు డాక్టరు. ఖర్చు మా ఇంటి నెల అద్దె కంటే ఎక్కువ. అవ్వ తన దగ్గరున్నది ఇచ్చేసింది, నేనూ కొంత వేశాను. ఇంకా చాలా కావాలి. నవాబును అక్కడే ఉంచి తిరిగి బయల్దేరాం. ఆటో డ్రైవరు ఎంత వేగంగా తోలుతున్నా అవ్వ "జర ఆగు" అనలేదు. నాకు భయమేసింది.

ఇంటికి రాగానే కాలనీ వాట్సాప్ గ్రూపులో నవాబు ఫోటో పెట్టి సాయం అడిగాను. దండాలు వచ్చాయి, కన్నీళ్ల బొమ్మలు వచ్చాయి, డబ్బులు మాత్రం రాలేదు. అవ్వ నా ఫోన్ లాక్కుని చూసింది. "బొమ్మలతోని ఇరిగిన బొక్క అతుక్కుంటదా బిడ్డా? నడువు" అంది. స్టీలు డబ్బా చంకన పెట్టుకుని తిన్నగా బాబాయిగారి గుమ్మం ఎక్కింది.

"సారూ, గీ పిల్లి నీకు ఎన్నిసార్లు ఎదురొచ్చింది?"

"లెక్కేముందండీ అవ్వగారూ, రోజూ అదే భాగోతం కదా."

"ఎనుకకొచ్చి నీళ్లు తాగి పోయినవ్ గదా. ఏనాడన్న నీ కాలిరిగిందా?"

"లేదు."

"గా ఇరగాల్సిన కాలు దానికిరిగింది. పైసలియ్యి."

బాబాయిగారు నోరు తెరిచేలోపు వంటింట్లోంచి పిన్నిగారి కేక వినబడింది. "ఇచ్చెయ్యండీ! ఆవేళ నేను గుడికెళ్తే, పొయ్యి మీద పాలు వదిలేసి మీరు తాళం వేసుకుని పోలేదూ? పిల్లి ఎదురొచ్చి వెనక్కి తిప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే కొంప అంటుకునేది!" ఆయన నవ్వు ఆపుకోలేక పర్సు తీశారు.

ఈ ముచ్చట మాకంటే ముందే వీధంతా తిరిగింది. ఇక ప్రతి ఇంట్లో ఒక కథ. వెనక్కి రాబట్టే మర్చిపోయిన హాల్ టికెట్ కనబడిందని ఒక తల్లి చెప్పింది. పొద్దున్నే పోట్లాడుకుని, నీళ్ల వంకతో వెనక్కొచ్చి రాజీపడ్డామని కొత్తగా పెళ్లయిన జంట సిగ్గుపడుతూ ఇచ్చింది. దుండిగల్ కాలేజీ లెక్చరరు ఒకాయన, తనకు శకునాల మీద నమ్మకం లేదన్నాడు. "నమ్మకపోతె డబల్ ఇయ్యాలె. ఆగకుంట పోయెటోళ్లే గద గుద్దేది" అంది అవ్వ. పాపం, ఆయన నిజంగానే రెండింతలు ఇచ్చాడు.

వీధి చివరికొచ్చేసరికి డబ్బా మూత పట్టలేదు. అవ్వ అక్కడే ఎవరి మెట్ల మీదో కూలబడి కొంగుతో కళ్లొత్తుకుంది. "మస్తు మంచోళ్లున్నరు బిడ్డా. ఉత్తగ జల్దీల ఉంటరు, గంతే." ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా ఉన్నా మా వీధిలో చాలా గుమ్మాలు నేను మొదటిసారి ఎక్కింది ఆ రోజే. నా చెయ్యి పట్టుకుని ఎక్కించింది ఆవిడ.

ఆపరేషన్ బాగా జరిగింది. నవాబు ఇంటికొచ్చిన రోజు బాబాయిగారింటి నుంచి అవ్వకు ఆకు నిండా గారెలు వచ్చాయి. కాలు అతికింది గానీ కొంచెం కుంటు మిగిలింది. ఇదివరకు రెండు గెంతుల్లో దాటే రోడ్డును పేరుకు తగ్గట్టు తీరిగ్గా దాటడం మొదలుపెట్టింది. స్కూటర్లు, కార్లు, స్కూలు బస్సు, అన్నీ ఆగేవి. "గిట్లనే మంచిగుంది" అని అవ్వ పగలబడి నవ్వేది.

పోయిన వారం వైకుంఠ రథం అవ్వను ఎక్కించుకుని ఆవిడ గేటు ముందు నుంచి కదలబోయింది. ఖాళీ కుర్చీ కింద పడుకున్న నవాబు లేచి, కుంటుకుంటూ వచ్చి బండికి ఎదురైంది. డ్రైవరు బ్రేకు వేశాడు.

"పిల్లి ఎదురొచ్చింది సార్, ఏం జేద్దాం?" అని బాబాయిగారిని అడిగాడు.

ఆయన ఖాళీ కుర్చీ వైపు చూశారు. "ఇంజను ఆపెయ్యి బాబూ. అవ్వగారిని ఇంకాసేపు ఉండనివ్వండి" అన్నారు.

పిన్నిగారు బిందెతో నీళ్లు తెచ్చారు. నమ్మకం లేని లెక్చరరుతో సహా అందరం ఆ గేటు ముందే నిలబడి తలా గుక్కెడు తాగాం. ఏడుస్తున్న కోడలికి నవ్వొచ్చింది, ఆమెను చూసి మాకూ వచ్చింది. నవాబు రోడ్డు నడిమధ్య చతికిలబడి, అతికిన కాలు చాపుకుని నాక్కోసాగింది. దానికేం తొందర లేదు. ఆ పూట మాకూ లేదు.