ఏడో తరగతికి కవితలు ఏరిన ఏడాది

ఏడో తరగతి పిల్లలకు ఏ కవితలు నేర్పాలో తేల్చడానికి ఒక బట్టలకొట్టు యజమాని, ఒక పెద్దరైతు, ఒక హెడ్మాస్టరు కూర్చున్నారు. క్లాసులో గొంతు చించుకుని తెలుగు చెప్పేది నేను. నాకు తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మాది నరసన్నపేట దగ్గర ఓ ఊరి హైస్కూలు. ఆ ఏడాది తెలుగు భాషా దినోత్సవానికి చిన్న కవితల పుస్తకం వేద్దామని హెడ్మాస్టరు గారికి బుద్ధి పుట్టింది. ఏడో తరగతి వాళ్ళు అందులోవి కంఠస్థం చేసి సభలో చెప్పాలి. “పాఠ్యపుస్తకం మన చేతిలో నేదు గానీ, ఇది మన ఇష్టమే మేడం గారూ, మీరే ఏరీయండి” అన్నారు. మన ఇష్టమన్న మాట నమ్మాను చూడండి, అదీ నా తెలివి.

పాత పత్రికలు తిరగేశాను, నచ్చినవి ఎత్తి రాసుకున్నాను. అప్పటికి ఉభాలు మొదలయ్యాయి. ఉభాలంటే వరినాట్లు, మా జిల్లాలో అలాగే అంటారు. ఆ రోజుల్లో ఆడపిల్లల బెంచీలు సగం బోసిపోతాయి. తల్లి పొలానికి పోతే చంటిదాన్ని అక్క చూసుకోవాలి, అక్క కాస్త పొడుగైతే తనూ బురదలో దిగాలి. వచ్చిన కొద్దిమందికి పాఠం చెప్పబుద్ధి కాక, ఇంట్లో రోజూ చూసేదేదో నాలుగు ముక్కలు రాయమన్నాను.

వెనక బెంచీలో ఒక పిల్ల ఉండేది. చదవమని లేపితే నేల చూపులు చూసేది, పెదవి విప్పేది కాదు. ఆ పిల్ల రాసింది ఇదీ:

అమ్మ పొద్దోయినాక వస్తాది
గుమ్మం కాడ కాళ్ళు కడుక్కుంటాది
ఏళ్ళ సందుల బురద పోదు
నాటిన సేను మాది కాదు
నడుంనొప్పి మాది

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా క్లాసులో ఒక పిల్ల నిజం రాయడం అదే మొదలు. పుస్తకంలో దీన్నే ముందు పెట్టాలనుకున్నాను. క్లాసులో చదివించాను కూడా. కాగితంలోంచి తల ఎత్తకుండా చివరిదాకా చదివింది. ఆ మర్నాటి నుంచి ముందు బెంచీలోకి వచ్చి కూర్చుంది. లేపకుండానే లేచి పాఠం చదివేది.

సమావేశంలో మొదట బట్టలకొట్టు ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. అచ్చు ఖర్చు ఆయనది. తూకంలో మోసం మీద ఒక పద్యం ఉంటే, “ఇది పిల్లలకి ఎందుకమ్మా, రేపు మా కొట్టుకొచ్చి నన్నే అడుగుతారు” అని నవ్వుతూ కొట్టేశారు. ఆయన అమ్మేది మీటర్ల లెక్కన బట్టలు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అనలేదు పెద్దలు. సారా మీది కవితను హెడ్మాస్టరు గారే తీసేశారు, ఎవరో నొచ్చుకుంటారట.

తర్వాత ఆ పిల్ల కవిత రైతు చేతికెళ్ళింది. ఆయన బడి కమిటీ చైర్మను. రెండుసార్లు చదివారు.

“సేను మాది కాదంటే ఎవరిదమ్మా మరి? నాదే కదా?” అన్నారు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. “ఉభాలు అయిపోయిన రోజున అందరికీ కోడికూరతో బువ్వ పెడతాను. ఆ ముక్క రాయనేదేటి?”

“పిల్ల తను చూసింది రాసిందండీ. తిట్టలేదు కదా” అన్నాను.

“తిట్టినాదని నేననలేదు. బాగానే రాసినాది. దాని తల్లి మా సేన్లోనే సేస్తన్నాది, మంచి మనిషి” అన్నారు, ఎంతో మెత్తగా.

ఆ మెత్తదనం నాకు అర్థమైంది. హెడ్మాస్టరు గారికి నాకంటే ముందే అర్థమైంది. ఆయన గోడ మీద పిల్లి, ఎటు దూకాలో ఎవరూ చెప్పక్కర్లేదు. “భాష కూడా కొంచెం మోటుగా ఉంది మేడం” అని కాగితం మడిచేశారు. ఆయన ఇంట్లో మాట్లాడేది కూడా ఆ భాషే. నేను అరిచాను. ఇది లేకపోతే పుస్తకమే వద్దన్నాను. టీ వచ్చింది, తాగారు, లేచి వెళ్ళిపోయారు.

అయినా వదలకూడదనే అనుకున్నాను. రెండోనాడు ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. నాట్ల మధ్యలోంచి వచ్చినట్టుంది, చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. వరండాలోనే నిలబడింది.

“మేడం గోరూ, మా పిల్ల ఏటో రాసినాదట. తీసీయండమ్మా. మమ్మల్ని ఉభాలకి పిలవడం మానేస్తే ఏటి తినాల? మీకు నెల తిరిగితే జీతం వస్తాది.”

కవిత్వం గొప్పదనం మీద నేను గంటసేపు మాట్లాడగలను. ఆవిడతో మాత్రం తీసేస్తానన్నాను. ఆవిడ నాకు దండం పెట్టి వెళ్ళింది. చైర్మను గారి మీద కన్నా ఆ దండం మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

పుస్తకం వచ్చింది. చందమామ, సీతాకోకచిలుక, పరిశుభ్రత, గురుభక్తి. సభలో ఆ పిల్ల గులాబీ మీద కవిత చెప్పింది. ఎక్కడా తడబడలేదు, బహుమతి కూడా దానికే. స్టీలు బాక్సు చైర్మను గారి చేతుల మీదుగా ఇప్పించారు. “సూసారా, ఎంత సక్కగా సెప్పినాదో” అని ఆయన పిల్ల తల నిమిరారు. తల్లి జనం వెనక నిలబడి చప్పట్లు కొట్టింది.

మరుసటేడు అదే పిల్ల ఎనిమిదికి వచ్చింది. మళ్ళీ ఉభాల రోజులు. సొంతంగా ఏదైనా రాయమన్నాను. అందరికంటే ముందు తెచ్చి బల్ల మీద పెట్టింది. వెన్నెల గురించి, అక్షరం తప్పు లేకుండా, ప్రాస కూడా కుదిర్చి రాసింది. నేను చదువుతుంటే నా మొహంలోకే చూస్తూ నిలబడింది.

“ఈపాలి ఎవరి సేనూ పెట్నేదు మేడం” అంది.