రంది, దాని వెనక అక్కి

దసరా వెళ్లాక వచ్చిన మంగళవారం, పొద్దున ఆరు గంటలకు మొహం కడుక్కుంటుంటే ఎడమ కన్ను పైన నిప్పు తగిలినట్టయింది. అద్దంలో చూస్తే నొసటి మీద ఎర్రటి పొక్కులు.

అంతకు ముందు ఏడాదంతా నాకు బాగులేదు. మాది తొండుపల్లి. చుట్టూ ప్లాట్లకు గోడలు కట్టేసరికి మేపే జాగా లేక నా రెండు బర్రెలను ఇంట్లోవాళ్లు అమ్మేశారు. అప్పటి నుంచి తిండి సయించదు, నిద్ర రాదు. జలుబు తగ్గితే జ్వరం, జ్వరం తగ్గితే దగ్గు. వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట: "రంది పెట్టుకోకు అక్కా." పెట్టుకోవడానికి అదేమన్నా బొట్టా? విని విని చెవులు నొచ్చాయి.

పొక్కులు చూసి నా కొడుకు యాదగిరి "అక్కి లేసిందే అమ్మా" అని కుమ్మరి అంజయ్యను పిలిచాడు. అక్కి దిగుతుందని ఆయన ఎర్రమన్నుతో నా నొసటి మీద సింహం బొమ్మ రాసి పోయాడు. సాయంత్రానికి కన్ను మూసుకుపోయింది.

"ఏం సింహంరా, నా కన్నే తింటున్నది! దవాఖానకు నడువుండ్రి" అని అరిచాను. అరవై దాటాక కోడలు సరిత దగ్గర అక్షరాలు దిద్దినదాన్ని. కన్ను పోతే అవీ పోతాయి. నా గుబులంతా అదే.

శంషాబాద్ దవాఖానలో డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. "ఇది హెర్పిస్ జోస్టర్. చిన్నప్పటి చికెన్‌పాక్స్ వైరస్ నరంలో దాక్కుని ఉండి, ఇమ్యూనిటీ తగ్గితే లేస్తుంది. బొమ్మలతో పోదు. ఈ పూటే యాంటీవైరల్ మొదలుపెట్టి, కంటి డాక్టరుకు చూపించాలి" అంది. "డిప్రెషన్ ఏమైనా ఉందా అమ్మా?"

"లేదు. గదేందో నాకు తెల్వదు."

"నిద్ర పడుతోందా?"

"ఏడ పడ్తది? రంది ఉన్నది గద."

"రంది అంటే ఏమిటండీ?"

"రంది అంటే డిప్రెషనే, మేడం" అంది సరిత.

"ఆవిడనే చెప్పనివ్వండి."

చెప్పాను. గౌరి, లచ్చి అని బర్రెల పేర్లతో సహా చెప్పాను. అంతా విని, "వయసు ఒక కారణం. ఈ రంది ఇంకో కారణం కావచ్చు. ఈ పొక్కులకూ, రందికీ కూడా మందు వాడాలి" అంది.

పొక్కులు ఎండినా నరం నొప్పి నెలల తరబడి పీక్కుతింది. డాక్టరమ్మ పంపితే మనసు డాక్టరు రాసిన గోళీలను, "నేనేమన్న పిచ్చిదాన్నా?" అని మధ్యలో మానేశాను. మళ్లీ నిద్ర కరువైంది, మళ్లీ జ్వరం. సరిత తిట్టి మింగించింది.

ఇప్పుడు తింటున్నాను, పడుకుంటున్నాను. ఎడమ కన్ను కాస్త మసక. అయినా ఇది నా చేత్తోనే రాస్తున్నాను.

మొహాన పొక్కులు లేస్తే ముందు దవాఖానకు పొండి. ఇంట్లో ఎవరికైనా రంది ఉంటే, పెట్టుకోకు అనకండి. ఏం రంది అని అడగండి.

ఆ రోజు నా దగ్గర ఉన్నది యాదగిరి, సరిత, కుమ్మరి అంజయ్య, డాక్టరమ్మ. అడిగింది డాక్టరమ్మ ఒక్కతే. అదీ, ఆ మాట తెలియక.