కిరసనాయిలు కాలిపోయేదాకా

ఇవాళ విజయవాడ ఆటోనగర్లో తమ్ముడు నాన్న పాత ట్రాక్టర్ కార్బురేటర్ విప్పించి కడిగిస్తుంటే ఆ కిరసనాయిలు వాసన మళ్లీ తగిలింది. ఆ వాసనంటే నాకు ప్రాణం, కోపం కూడా. మీలో ఎవరింట్లోనైనా ఉండేదా, పెట్రోలుతో స్టార్టయి కిరసనాయిలుతో నడిచే ట్రాక్టరు? ఉంటే మీకు గుర్తుండే ఉంటుంది. ఆపేముందు మళ్లీ పెట్రోలుకు మార్చి, కార్బురేటర్లో మిగిలిన కిరసనాయిలు కాలిపోయేదాకా ఇంజను నడపాలి. లేకపోతే మర్నాడు ఎంత హ్యాండిల్ తిప్పినా కదలదు.

అప్పట్లో ఒక సాయంత్రం నాన్న పొలం నుంచి ట్రాక్టర్ మీద ఛాతీ పట్టుకునే వచ్చారు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"ఆపేసి దిగండీ, ఆస్పత్రికి వెళ్దాం!" అని అమ్మ అరిచింది.

"ఉండవే, కిరసనాయిలు కాలిపోనీ. లేకపోతే రేప్పొద్దున మొరాయిస్తుంది."

సీట్లోనే కూర్చుని, ఇంజను చప్పుడు తేలికయ్యేదాకా విని, అప్పుడు దిగారు. ఆస్పత్రికి వెళ్లే దారిలో, గన్నవరం దాటకముందే పోయారు.

మర్నాడు పొద్దున షామియానా వేయడానికి వాకిట్లో ట్రాక్టర్ అడ్డమైంది. బాబాయి హ్యాండిల్ ఒక్కసారి తిప్పగానే స్టార్టయింది. రాత్రంతా గోడకానుకుని కూర్చున్న అమ్మ, ఆ చప్పుడు వినగానే, "అయ్యో, ఆయనకింకా క్యారేజీ సర్దలేదు" అంటూ గబగబా లేచింది.